డెలరోష్ గీసిన జేన్, కాగితాల్లో మిగిలిన జేన్

మీరు అడిగింది ఇదీ. లండన్ నేషనల్ గ్యాలరీలో లేడీ జేన్ గ్రే శిరచ్ఛేదం చిత్రం చూసి కదిలిపోయారు. ఇంటికొచ్చి ఆమె మీద 1986లో వచ్చిన సినిమా చూశారు. ఇప్పుడు ఆమె గురించి తెలుగులో ఒక పెద్ద కథ రాయాలనుకుంటున్నారు. "చిత్రంలో, సినిమాలో నిజమెంత? ఆమె నిజంగా అంత అమాయకురాలా? అసలు ముఖం ఎలా ఉండేది?" అని మీ ప్రశ్నలు. ఇంగ్లండ్‌ను ట్యూడర్ వంశం ఏలిన కాలపు చరిత్ర చాలా ఏళ్లుగా చదువుతూ, పాఠం చెబుతూ వస్తున్నాను. జేన్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందుకని కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ చిత్రంలో బట్టలు తప్పు, గది తప్పు. అవి పెద్ద నేరాలేమీ కావు. అసలు అన్యాయం వేరే ఉంది. జేన్ నోట్లో నాలుక లేని పిల్ల కాదు. చదువుకున్నది, వాదించేది, కోపమొస్తే కటువుగా మాట్లాడేది, రాణిగా ఉన్న ఆ కొద్ది రోజుల్లో ఆజ్ఞలు జారీ చేసింది. నాలుగున్నర శతాబ్దాలుగా చిత్రకారులు, నాటకకర్తలు, నవలాకారులు ఆ గొంతును తీసేసి, కళ్లకు గంతలు కట్టిన తెల్లటి బొమ్మను మాత్రం మనకు మిగిల్చారు.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1553లో ఇంగ్లండ్ రాజు ఆరో ఎడ్వర్డ్ పదిహేనేళ్లకే జబ్బుతో మంచం పట్టాడు. అతను గట్టి ప్రొటెస్టెంట్. తండ్రి ఎనిమిదో హెన్రీ చేసిన ఏర్పాటు ప్రకారం తన తర్వాత సింహాసనం అక్క మేరీది. ఆమె అంతే గట్టి కేథలిక్. అది ఇష్టంలేక ఎడ్వర్డ్ తన చేత్తో కొత్త వారసత్వ పత్రం రాశాడు. ఆ కాగితం నేటికీ ఉంది. మొదట "జేన్‌కు పుట్టే మగపిల్లలకు" అని రాసి, తర్వాత దాన్నే దిద్ది "జేన్‌కు, ఆమెకు పుట్టే మగపిల్లలకు" అని మార్చాడు. జేన్ హెన్రీ చెల్లెలి మనవరాలు. అదే ఏడాది మే నెలలో, రాజ్యాన్ని నడిపిస్తున్న నార్తంబర్లాండ్ డ్యూక్ కొడుకు గిల్ఫర్డ్ డడ్లీతో ఆమెకు పెళ్లి చేశారు. జులై 6న రాజు పోయాడు. 10న జేన్‌ను రాణిగా ప్రకటించి లండన్ టవర్ అనే రాజకోటకు తీసుకొచ్చారు. 19న లండన్ నగరమే మేరీని రాణిగా ప్రకటించింది. తొమ్మిది రోజుల రాణి అనే పేరు అలా వచ్చింది. రాజు చనిపోయిన నాటి నుంచి లెక్కవేస్తే పదమూడు రోజులు. నవంబర్ 13న లండన్ నగర సభాభవనం గిల్డ్‌హాల్‌లో విచారణ జరిపి మరణశిక్ష వేశారు గానీ, మేరీ అమలు చేయలేదు. 1554 జనవరిలో మేరీకి వ్యతిరేకంగా థామస్ వయట్ తిరుగుబాటు లేచింది. జేన్ తండ్రి అందులో చేరాడు. ఫిబ్రవరి 12న జేన్‌కూ గిల్ఫర్డ్‌కూ తలలు తీశారు. ఆమెకప్పుడు పదహారో పదిహేడో.

ఇక చిత్రం దగ్గరికి వద్దాం. పాల్ డెలరోష్ ఫ్రెంచివాడు. 1833లో గీశాడు, 1834లో పారిస్‌లో సలోన్ అనే చిత్రప్రదర్శనలో పెట్టాడు. చీకటి గదిలో తెల్లటి బట్టల్లో, కళ్లకు గంతలతో జేన్ తల ఆనించే మొద్దు కోసం తడుముకుంటున్న దృశ్యం అది. అప్పటికి ఫ్రెంచి విప్లవంలో రాజు పదహారో లూయీ, రాణి మరీ ఆంత్వానెత్ తలలు తెగిపడి నలభై ఏళ్లు. ఆ సంగతి పారిస్‌లో ఎవరూ మరిచిపోలేదు, బాహాటంగా మాట్లాడుకోవడం మాత్రం కష్టం. ఇంగ్లండ్ రాణి కథ వాళ్లకు తమ సొంత గాయాన్ని పక్కదారిన తడిమి చూసుకునే వీలిచ్చింది. అంతకుముందే అతను టవర్‌లో బందీలైన ఇద్దరు బాల రాకుమారుల్ని గీశాడు. కత్తి పడబోయే ముందు క్షణం, దాడి జరగబోయే ముందు క్షణం అతనికి ఇష్టమైన చోటు. రక్తం కనిపించదు. చూసేవాడి మనసులోనే అంతా జరుగుతుంది. నేర్పరి, అందులో అనుమానం లేదు.

మరి ఆ రోజు నిజంగా ఏం జరిగింది? ఆ రోజుల్లో టవర్‌లోనే ఉంటున్న ఒకతను రోజువారీగా రాసుకున్న రాత ఉంది. జేన్ మీద మనకున్న సాక్ష్యాల్లో అత్యంత విలువైనది అదే. దాని ప్రకారం శిరచ్ఛేదం చీకటి నేలమాళిగలో జరగలేదు. టవర్ ప్రాకారం లోపల, వైట్ టవర్ అనే నడిమి బురుజు ఎదుట పచ్చికమీద, ఆరుబయట జరిగింది. ఆమె వేసుకున్నది తెల్లటి పట్టు లోదుస్తులు కావు, విచారణ రోజున వేసుకున్న గౌనే. అది నల్లది. విచారణ రోజున తలకప్పూ నలుపే, నడుముకు వేలాడిన చిన్న పుస్తకం అట్టా నల్ల మఖమలే. ఆమె వెంట నడిచిన ఇద్దరు స్త్రీలు వెక్కివెక్కి ఏడ్చారు. జేన్ కళ్లలో తడి లేదని, ముఖంలో బెరుకు లేదని, వధ్యవేదిక దాకా ప్రార్థనలు చదువుకుంటూ నడిచిందని అతను రాశాడు.

వేదిక ఎక్కి ఆమె మాట్లాడింది. ఈ భాగం చిత్రంలో లేదు, ఉండే వీలూ లేదు. రాణికి వ్యతిరేకంగా జరిగిన పని చట్టవిరుద్ధమని, దానికి తాను సమ్మతించడమూ తప్పేనని ఒప్పుకుంది. కానీ దాన్ని తాను కోరుకున్నానన్నా, తన కోసం తాను చేయించుకున్నానన్నా మాత్రం ఆ విషయంలో తాను నిర్దోషినని చేతులు కడుక్కుంది. రెండు వాక్యాల్లో ఒక న్యాయవాది పట్టగలిగినంత తేడా పట్టింది చూడండి. ఒప్పుకున్నదేదో, ఒప్పుకోనిదేదో గీత గీసి చెప్పింది. తర్వాత తన నమ్మకమంతా క్రీస్తు రక్తం మీదేనని, బతికుండగానే తన కోసం ప్రార్థించమని చెప్పింది. ఆ "బతికుండగానే" ఊరికే అన్నది కాదు. చనిపోయినవారి కోసం ప్రార్థించడం కేథలిక్ ఆచారం, ప్రొటెస్టెంట్లు దాన్ని ఒప్పుకోరు. తల తెగబోయే ముందు కూడా ఆమె వాదనే చేసింది.

ఆ తర్వాత 51వ కీర్తన మొత్తం ఇంగ్లీషులో చదివింది. "దేవా, నీ కృపచొప్పున నన్ను కరుణింపుము" అని మన తెలుగు చర్చిల్లో చదివే కీర్తనే అది. చేతి తొడుగులు, రుమాలు తోడున్న టిల్నీకి ఇచ్చింది. పుస్తకం టవర్ అధికారి తమ్ముడికి ఇచ్చింది. తలారి క్షమించమంటే క్షమించింది, త్వరగా ముగించమంది. రుమాలు కళ్లకు తానే కట్టుకుంది. అప్పుడు తల ఆనించే మొద్దు చేతికి తగలక, "ఏం చేయను? ఎక్కడుంది?" అంది. పక్కనున్నవారొకరు దారి చూపారు. తల ఆనించి, "ప్రభువా, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను" అంది.

అంటే డెలరోష్ గీసిన ఆ తడుములాట కల్పన కాదు. నిజంగా జరిగిందే. అందుకే దాని గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ ఉదయం ఆమె మాట్లాడింది, చదివింది, పంచిపెట్టింది, క్షమించింది, తన కళ్లకు తానే గంత కట్టుకుంది. వీటన్నిటిలో ఆమె నిస్సహాయంగా ఉన్నది కొన్ని క్షణాలే. చిత్రకారుడు ఏరుకున్నది ఆ క్షణాలనే. పైగా చేతిలో పుస్తకం తీసేశాడు, నలుపు తీసేసి పెళ్లికూతురిలా తెలుపు తొడిగాడు, పగటి వెలుతురు ఆర్పేశాడు. ఒక్క నిజాన్ని పట్టుకుని మిగతా నిజాలన్నీ వదిలేస్తే అది అబద్ధం కన్నా బలంగా నాటుకుంటుంది.

(ఆ చిత్రానికీ ఒక జీవితం ఉంది. 1902లో నేషనల్ గ్యాలరీకి చేరింది, తర్వాత లండన్‌లోనే ఉన్న టేట్ గ్యాలరీలో ఉంచారు. 1928లో థేమ్స్ వరద వచ్చినప్పుడు పాడైపోయిందనుకుని లెక్కలోంచి తీసేశారు. 1973లో వేరే చిత్రం కోసం వెతుకుతుంటే చుట్టచుట్టి ఉన్న కాన్వాసుల్లో క్షేమంగా దొరికింది. ఇవాళ ఆ గ్యాలరీలో జనం ఎక్కువగా ఆగే చోట్లలో అదొకటి. కోట్లమందికి జేన్ అంటే ఆ చిత్రమే.)

అమాయకమైన పిల్ల కావాలంటే పక్కన ఒక రాక్షసి ఉండాలి. ఆ వేషం తల్లి ఫ్రాన్సెస్‌కు వేశారు. సినిమాలో ఆమె కూతుర్ని కొట్టే దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. దీనికి మూలం రోజర్ ఆస్కం అనే పండితుడి రాత. 1550లో అతను లెస్టర్‌షైర్‌లోని బ్రాడ్‌గేట్‌లో జేన్‌ను కలిశాడు. ఇంట్లోవాళ్లందరూ వేటకెళ్తే ఆమె ఒంటరిగా ప్లేటో రాసిన ఫీడో గ్రీకులో చదువుకుంటోంది. అమ్మానాన్నల ముందు ఏ పని చేసినా తప్పు పడతారని, గిల్లుతారని, కొడతారని, గురువు ఐల్మర్ దగ్గర చదువే తనకు హాయని ఆమె అతనితో అందట. గ్రీకు చదువు సంగతి నిజమే. ఆ ఏడాదే అతను మిత్రుడికి రాసిన ఉత్తరంలోనూ అది ఉంది. తల్లిదండ్రుల కాఠిన్యం మాత్రం 1570లో అచ్చయిన పుస్తకంలోనే కనిపిస్తుంది. అప్పటికి జేన్ పోయి పదహారేళ్లు. ఆ పుస్తకం రాసిందే పిల్లల్ని కొట్టి చదివించకూడదని వాదించడానికి. జేన్ ఆ మాటలు అనలేదని నేననను. పదమూడేళ్ల పిల్ల ఇంట్లోవాళ్ల మీద ఆ మాత్రం ఫిర్యాదు చేయడం సహజమే. కానీ ఒక మధ్యాహ్నపు ఫిర్యాదు మీద జీవితకాలపు చిత్రహింస కట్టారు.

ఫ్రాన్సెస్ ముఖం విషయం ఇంకా అన్యాయం. హాన్స్ ఈవర్త్ 1559లో గీసిన ఒక జంట చిత్రం ఉంది. లావుపాటి, గంభీరమైన స్త్రీ, పక్కన పలచటి యువకుడు. చాలాకాలం దాన్ని ఫ్రాన్సెస్, ఆమె రెండో భర్త అన్నారు. చూడండి, హెన్రీ పోలికే, ఎంత క్రూరంగా ఉందో అని పుస్తకాల నిండా రాశారు. తీరా ఆమె మేరీ నెవిల్ అనే వేరే స్త్రీ అని, పక్కనున్నది ఆమె కొడుకని తేలింది. ముక్కూమొహం తెలియని మనిషి బొమ్మ చూసి తల్లి స్వభావం నిర్ణయించేశారన్నమాట. మొగుడి తల తెగిన మూడు వారాలకే ఆమె మళ్లీ పెళ్లాడిందనే మాటా అంతే. ఆ పెళ్లి ఏడాది తర్వాత, 1555 మార్చిలో జరిగింది. ఆనాటి ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, మార్చి మొదటివారాల తేదీలు ఒక ఏడు వెనక్కి కనిపిస్తాయి. మీరు కథ రాసేటప్పుడు ఈ తేదీల చిక్కు గుర్తుంచుకోండి.

ఇంకొకటి, దీని దగ్గర తప్పకుండా జాగ్రత్తపడాలి. జేన్ రాణిగా టవర్‌లో అడుగుపెడుతున్నప్పుడు చూశానంటూ స్పినోలా అనే జెనోవా వర్తకుడు రాసిన ఉత్తరం ఒకటి ఎన్నో పుస్తకాల్లో కనిపిస్తుంది. పొట్టిగా, సన్నగా ఉందని, ముఖం మీద చిన్న మచ్చలని, ఎర్రటి జుట్టని, పొడుగ్గా కనిపించడానికి ఎత్తు చెప్పులు వేసిందని. చదువుతుంటే మనిషి కళ్లముందు నడుస్తున్నట్టుంటుంది. అదే దాని మోసం. ఆ ఉత్తరం 1909లో రిచర్డ్ డేవీ పుస్తకంలో తప్ప అంతకుముందు ఎక్కడా లేదు. ఏ భాండాగారంలోనూ దొరకలేదు. ఇది కల్పితమని లియాండా డి లైల్, స్టీఫన్ ఎడ్వర్డ్స్ వంటి పరిశోధకులు చూపించారు. వందేళ్లపాటు చరిత్రకారులే దాన్ని నమ్మి రాశారు. కాబట్టి మీ కథలో ఆ ఎత్తు చెప్పులు వద్దు.

సినిమా సంగతి త్వరగా ముగిస్తాను. జేన్, గిల్ఫర్డ్‌ల ప్రేమకథ సినిమాతో మొదలవలేదు, 1715లోనే నికొలస్ రో నాటకంలో వాళ్లు ప్రేమికులయ్యారు. టవర్‌లో బందీగా ఉన్నప్పుడు జేన్ మేరీకి రాసిన లేఖ ఇటాలియన్‌లో మిగిలింది. కిరీటం తెచ్చిన కోశాధికారి వించెస్టర్, గిల్ఫర్డ్‌కూ ఇంకొకటి చేయిస్తామన్నాడట. డ్యూక్‌ను చేస్తాను గానీ రాజును చేయనని జేన్ ససేమిరా అంది. గిల్ఫర్డ్, అత్తగారు అలిగి ఇల్లు వదిలి వెళ్లబోతే మనుషుల్ని పంపి ఆపించింది. ఆ లేఖ ప్రాణం కాపాడుకోవడానికి రాసింది, తప్పంతా డడ్లీల మీదికి నెట్టడం ఆమెకు అవసరం. అది లెక్కలో వేసుకునే చదవాలి. మరోపక్క చనిపోయే ముందు ప్రార్థన పుస్తకంలో తండ్రికి రాసిన మాటల్లో "దేవుడు మీ పిల్లలిద్దరినీ తీసుకుపోయినా వాళ్లను పోగొట్టుకున్నాననుకోకండి" అంటుంది. ఆ ఇద్దరిలో ఒకరు తను, రెండోది గిల్ఫర్డ్. ప్రేమ అనలేం, ద్వేషమూ అనలేం. ఇద్దరు చిన్నవాళ్లు, పెద్దలు కుదిర్చిన సంబంధం, ఒకే శిక్ష. నన్నడిగితే సినిమా ప్రేమ కన్నా ఇదే ఎక్కువ కదిలిస్తుంది.

ఇదంతా శత్రువుల పని అనుకోకండి. ఆమెను మొదట మలిచింది ఆమె పక్షంవాళ్లే. ఉత్తరాలు, మేరీ పంపిన కేథలిక్ మతగురువు ఫెకెనంతో జైల్లో ఆమె చేసిన మతవాదం ఆమె పోయిన కొద్ది నెలల్లోనే అచ్చయి తిరిగాయి. 1563లో జాన్ ఫాక్స్ తన హతసాక్షుల చరిత్రలో వాటిని చేర్చాడు. వాళ్లకు కావలసింది పుణ్యాత్మురాలు, రాజ్యం కోసం ఆజ్ఞలిచ్చిన రాణి కాదు. అయినా ఒక మేలు జరిగింది. ఆమె మాటలు మిగిలాయి. ఆ మాటలు చదివితే తెల్లబట్టల పిల్ల ఎక్కడా కనిపించదు. కుటుంబానికి మతగురువుగా ఉండి, మేరీ వచ్చాక కేథలిక్‌గా మారిన హార్డింగ్‌కు రాసిన ఉత్తరంలో సైతాను పిల్ల అని, సైతాను ఉండే కంపుకొట్టే కొట్టమని తిట్టింది. వాదం ముగిశాక ఫెకెనంతో, దేవుడు మీ మనసు మార్చకపోతే మనమిద్దరం పరలోకంలో కలవబోమని చెప్పింది. ఇది మతసహనం కాదు. ఇవాళ్టి మనకు నచ్చే గుణమూ కాదు. అయినా అది ఆమెదే, మనకోసం దాన్ని మెత్తబరిచే హక్కు ఎవరికీ లేదు.

అలాగని ఎప్పుడూ గ్రంథాల్లో మునిగిన సన్యాసిని కూడా కాదు. 1551లో ఐల్మర్ జ్యూరిక్‌లోని పాస్టర్ బులింగర్‌కు ఉత్తరం రాసి, ఈ పిల్ల సంగీతానికి ఎంత సమయం ఇవ్వాలో, అలంకారం విషయంలో ఎలా ఉండాలో మీరైనా చెప్పండని కోరాడు. అంటే పాటలూ నగలూ కూడా ఇష్టమే. జేన్ స్వయంగా బులింగర్‌కు లాటిన్‌లో రాసిన ఉత్తరాలు ఇప్పటికీ జ్యూరిక్‌లో ఉన్నాయి.

1553 ఆగస్టు 29న టవర్‌లో జరిగిన ఒక భోజనం గురించి కూడా ఆ రోజువారీ రాతలో ఉంది. రాసినతను అనుకోకుండా జేన్ ఉన్న బల్ల దగ్గరే భోంచేశాడు. వారం క్రితమే మామ నార్తంబర్లాండ్ మతం మార్చుకుని మరీ తలారి చేతిలో పోయాడు. దాని ప్రస్తావన రాగానే జేన్ మండిపడింది. తన పేరాశతో నన్నూ మా వంశాన్నీ ఈ గతికి తెచ్చాడంది. బతుకు మీద ఆశతో, ఇంత చిన్నవయసులో ఉన్న నేను నా విశ్వాసం వదులుకుంటానా, దేవుడు అలా జరగనివ్వడు అంది. అప్పటికామెకు క్షమాభిక్ష దొరుకుతుందని అందరూ అనుకుంటున్నారు. నోరు మూసుకుని ఉంటే మేలని తెలియనంత చిన్నపిల్ల కాదు.

మేరీ గురించీ ఒక మాట. ఆమెను పగబట్టిన మనిషిగా చూపించడం తేలిక. జేన్‌ను చంపడానికి తన మనస్సాక్షి ఒప్పుకోదని ఆమె 1553 ఆగస్టులోనే రాయబారితో అంది. మనసు మార్చింది వయట్ తిరుగుబాటు. ఆ తిరుగుబాటులో చేరిన జేన్ తండ్రికి అంతకుముందే ఒకసారి క్షమాభిక్ష దొరికింది. ఈ కథలో ఎవరినైనా నిలదీయాల్సి వస్తే నేను మొదట ఆయన్నే నిలదీస్తాను. రాక్షసి తల్లి నీడలో ఆయన చాలా తేలిగ్గా తప్పించుకున్నాడు.

ముఖం గురించి అడిగారు. బతికుండగా గీసిందని ఖాయంగా చెప్పగల చిత్రం ఒక్కటీ లేదు. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఎన్నో ఏళ్లు జేన్‌గా వేలాడిన నిలువెత్తు చిత్రం, హెన్రీ ఆఖరి భార్య కేథరిన్ పార్‌దని నగల ఆధారంగా తేలింది. అదే గ్యాలరీ 2006లో కొన్న స్ట్రెథమ్ చిత్రం మీద ఆమె పేరుంది, కానీ ఆమె పోయిన నాలుగు దశాబ్దాలకు గీసింది. 2025లో రెస్ట్ పార్క్ అనే పాత భవంతిలోని ఒక చిత్రం మీద, చారిత్రక కట్టడాలు చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ పరీక్షల ఫలితాలు వెల్లడించింది. దాని చెక్క పలక 1539కి, 1571కి మధ్యది కాబట్టి జేన్ కాలానికి సరిపోవచ్చు. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆ చిత్రంలోని స్త్రీ మొదట మరింత ఆడంబరమైన దుస్తుల్లో ఉండేది. తర్వాతెవరో పైన రంగులు వేసి నిరాడంబరంగా మార్చారు. అది జేనే అయితే, ఆమెను సాధ్విగా దిద్దే పని రంగులతో కూడా జరిగిందన్నమాట. జేన్ అని తేల్చి చెప్పడానికి మాత్రం ఇంకా ఆధారం చాలదు. కాబట్టి కథలో ముఖవర్ణన తగ్గించండి. చేతిలో పుస్తకం ఉంచండి. ఆమె ఆఖరి ప్రార్థన పుస్తకం, అరచేతిలో ఇమిడేది, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో టవర్ అధికారి బ్రిడ్జెస్ కోసం జన్మదినం కన్నా మరణదినం మేలనే ప్రసంగి వాక్యం ఆమె తన చేత్తో రాసిచ్చింది.

చివరగా, కథ ఎక్కడ మొదలుపెట్టాలో మీరు అడగలేదు గానీ చెబుతాను. వధ్యవేదిక దగ్గర మొదలుపెట్టకండి, అందరూ అక్కడే మొదలుపెట్టారు. 1553 జులై 16 సాయంత్రం ఏడింటి దగ్గర మొదలుపెట్టండి. మామ సైన్యంతో మేరీ మీదికి వెళ్లిపోయాడు. తండ్రిని కూడా పంపుదామంటే జేన్ ఏడ్చి, పట్టుబట్టి ఆయన్ను తన దగ్గరే ఉంచుకుంది. సభలోవాళ్లు ఒక్కొక్కరే జారుకునేలా ఉన్నారు. ఉన్నట్టుండి టవర్ తలుపులు మూసేసి తాళాలు రాణి చేతికి తెచ్చిచ్చారు. ముద్ర ఒకటి కనిపించడం లేదని బయటికి చెప్పారు. అసలు కారణం కోశాధికారి వించెస్టర్ మీద ఆమెకు అనుమానం. అతను అప్పటికే నగరంలోని తన ఇంట్లో ఉన్నాడు. అర్ధరాత్రి పన్నెండింటికి మనుషులు వెళ్లి అతన్ని వెనక్కి తెచ్చారు. నాలుగు రోజుల కిందట ఆమె ముందుకు కిరీటం తెచ్చింది అతనే.